పొయ్యి లేని వంటిల్లు

మనాలీ చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామంది మణికరణ్‌ను 'టైముంటే చూద్దాంలే' అని పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే మనాలీలో ఒక పూట తగ్గించుకునైనా వెళ్లాలి. కులూ నుంచి పది కిలోమీటర్లు కిందికొస్తే భుంతర్‌. పార్వతి నది బియాస్‌లో కలిసేది అక్కడే. ఆ పార్వతి వెంటే లోయలోకి 35 కిలోమీటర్లు పోవాలి. దూరం తక్కువే గానీ రోడ్డు ఇరుకు. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. రెండు గంటలు వేసుకోండి.

గుంటూరులో కలిసి డిగ్రీ చదివిన నలుగురం ఈమధ్య అక్టోబరులో ఆ దారి పట్టాం. ఒకడు బ్యాంకు ఆఫీసరు, ఒకడు కాంట్రాక్టరు, ఇంకొకడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌ పిల్లలకు పాఠాలు చెప్పే లెక్చరరు, నాలుగోవాణ్ణి నేను. దారిలో కసోల్‌లో టీ తాగాం. అక్కడి హోటళ్ల బోర్డుల మీద హీబ్రూ అక్షరాలు కనిపిస్తాయి. ఇజ్రాయెల్‌ కుర్రకారు అంతగా వస్తారన్నమాట. అక్కణ్నుంచి నాలుగు కిలోమీటర్లే.

ఊరి కన్నా ముందు ఆవిరి కనిపిస్తుంది. వంతెన మీద నిలబడితే కింద మంచు కరిగిన నీళ్లు హోరుమంటుంటాయి, ఒడ్డున రాళ్ల సందుల్లోంచి పొగలు లేస్తుంటాయి. నదిలో చెయ్యి పెడితే కొంకర్లు పోతుంది. పది అడుగులు ఇవతల పెడితే బొబ్బలెక్కుతుంది. సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరిది. ఈ ఎత్తున నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇక్కడి బుగ్గల్లో కొన్ని ఇంచుమించు ఆ వేడితోనే పైకొస్తున్నాయి.

పార్వతీదేవి చెవి కమ్మలోని మణి నీళ్లలో పడి పాతాళానికి పోయిందని, శివుడు మూడో కన్ను తెరిస్తే ఆదిశేషుడు బుస కొట్టి మణుల్ని పైకి చిమ్మాడని, ఆ వేడే ఇదని స్థలపురాణం. 1905 కాంగ్రా భూకంపం దాకా రంగురాళ్లు కూడా పైకొచ్చేవని స్థానికులు చెప్పుకుంటారు. భూగర్భ శాస్త్రవేత్తలది వేరే లెక్క. ఇక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. వాన నీరు, మంచు నీరు పగుళ్ల వెంట చాలా లోతుకు దిగి, భూమి లోపలి వేడికి కాగి మళ్లీ పైకి తంతోంది. ఈ వేడినే వాడి ఒకప్పుడు ప్రయోగాత్మకంగా ఓ శీతల గిడ్డంగి నడిపారంటే కాంట్రాక్టరు నమ్మలేదు. "వేడినీళ్లతో చల్లబరచడమేంట్రా!" అన్నాడు. మన మణుగూరు దగ్గర పగిడేరులో ఇలాంటి నీళ్లతోనే సింగరేణివాళ్లు కరెంటు తీసే ప్రయోగం చేశారని చెబితే గానీ నోరు మూయలేదు.

అసలు సంగతి వంట. గురుద్వారాలో అన్నం, పప్పు గుండిగల్లో పోసి, మూతలు బిగించి, మరిగే గుండంలో దించేస్తారు. కట్టె లేదు, గ్యాస్‌ లేదు. ఎవరొచ్చినా వరసలో కూర్చుంటే వడ్డిస్తారు, మీదే ఊరని కూడా అడగరు. తలకు గుడ్డ మాత్రం కట్టుకోవాలి. గురునానక్‌ రొట్టెలు ఈ నీళ్లలో మునిగి మళ్లీ తేలాయని సిక్కులు చెప్పే కథ.

యాత్రికులకు గుడ్డమూటల్లో బియ్యం, శనగలు అమ్ముతారు. దారం పట్టుకుని నీళ్లలోకి వదలడమే. మన ఇంట్లో కన్నా కాస్త ఎక్కువసేపు పడుతుంది. బ్యాంకు ఆఫీసరు తెచ్చిన ఆవకాయ సీసా సార్థకమైంది. స్నానానికి ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు గుండాలున్నాయి. హాయిగా ఉంది కదాని అందులోనే కూర్చోకండి, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

లెక్చరరు మాత్రం నది వైపు చూడకుండా కూర్చున్నాడు. ఒకప్పుడు ఏటా పిల్లల్ని ఇటు టూర్లకు తీసుకొచ్చేవాడు. 2014 జూన్‌ 8న మండి జిల్లా తలౌట్‌ దగ్గర, లార్జీ డ్యామ్‌ నుంచి వదిలిన నీళ్లలో హైదరాబాద్‌ ఇంజినీరింగ్‌ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వీడి కాలేజీ కాదు. అయినా ఆ తర్వాత టూర్లు మానేశాడు. మళ్లీ కులూ వైపు రావడం ఇదే.

మణికరణ్‌కు ఎగువన బర్షైణీ దగ్గర కూడా ఆనకట్ట ఉంది. 2022 జూలైలో ఇదే లోయలోని చోజ్‌ను కుండపోత వాన ముంచేసింది. అందుకే వానాకాలంలో వెళ్లొద్దంటాను. అక్టోబరులో నది తేటగా, బుద్ధిగా కనిపిస్తుంది. దిగాలనిపించేదీ అప్పుడే.

మేం శనగలు తీస్తుండగా ఆరుగురు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని నది మధ్య బండ మీదికి ఎక్కారు. మావాడు మూట వదిలేసి రెయిలింగ్‌ దగ్గరికి పరుగెత్తాడు. "పైకి రండి! రండి పైకి!" తెలుగులోనే అరుస్తున్నాడు. వాళ్లకు అర్థమైందో లేదో గానీ ఆ గొంతు విని ఒక్కొక్కరే ఎక్కొచ్చారు. "క్యా హువా అంకుల్‌?" అన్నాడొకడు విసుగ్గా. మావాడు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. వెనక్కొచ్చి, వేడి శనగల మూట విప్పి, ఆరుగురి చేతుల్లోనూ తలా కాస్తా పోశాడు.