థెరపీ పనిచేయలేదా, అసలు ఇవ్వలేదా?

"గిరిజన పిల్లల్లో థెరపీకి ఫలితం కనబడలేదు, తల్లిదండ్రులకు అవగాహన లేదు" లాంటి మాట ఏ రిపోర్టులో ఉన్నా ఒక్కటే అడగండి. అసలు థెరపీ ఇచ్చారా?

అనుకున్న థెరపీ అనుకున్నట్టే జరిగిందా అని కొలవడాన్ని పరిశోధకులు ఫిడెలిటీ అంటారు. పేరే పెద్దది. ఐదు రోజుల మందు రాసి, రెండు రోజులే ఇచ్చి, మందు పనిచేయలేదంటే ఊరుకుంటామా? మందైతే ఖాళీ షీట్లు లెక్కపెట్టొచ్చు. థెరపీకి ఆ సౌకర్యం లేదు.

సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒక చెయ్యి పట్టు లేని పిల్లలకు ఒక పద్ధతి ఉంది. బాగున్న చేతికి గ్లవ్వో కట్టో వేసి, రెండో చేత్తోనే ఆడిస్తారు, తిననిస్తారు. రోజూ గంటల తరబడి, వారాల పాటు. దాని బలమంతా ఆ గంటల్లోనే ఉంది. మరి మన దగ్గర? భవిత కేంద్రం ఎక్కడో మండల కేంద్రంలో. బిడ్డను ఎత్తుకుని కొండ దిగాలి, ఆటో దొరకాలి, ఆ రోజు కూలి పోవాలి. వాగు పొంగితే అంతే సంగతి. తీరా చేరాక పది నిమిషాలు చెయ్యి వంచి చాపి, "ఇంటికాడ చేయించమ్మా" అని తెలుగులో చెప్పి పంపితే, కువి తప్ప రాని తల్లికి ఏం నేర్పినట్టు? రిజిస్టర్లో మాత్రం టిక్కు పడుతుంది.

ఆ టిక్కులే డేటా. "ఫలితం లేదు" అనేది అందులోంచే పుడుతుంది. ఫలితం లేనిదానికి నిధులెందుకని రేపు ఇంకొకరంటారు. (థెరపిస్టులను తిట్టడం లేదు. ఎన్ని ఊళ్లు ఒక్కరి నెత్తిన పెడతారో మనకు తెలుసు.)

కొలవడం కుదరదంటే నమ్మకండి. గోవాలో, పాకిస్తాన్ రావల్పిండిలో ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. థెరపీ ఇచ్చింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు పద్ధతి ప్రకారం చేశారా లేదా అన్నదీ అక్కడ చూశారు.

కాబట్టి ఫారాలు పట్టుకుని మన గూడేనికి వచ్చేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఎన్ని రోజులనుకున్నారు, ఎన్ని రోజులు వచ్చారు? ఎన్ని నిమిషాలు? ఏ భాషలో? తల్లి చేసి చూపించిందా, వేలిముద్రే వేసిందా? కుదరని రోజు ఎందుకు కుదరలేదో రాసే గడి ఉందా? వాగు, కూలి, జ్వరం ఆ గడిలోకి ఎక్కకపోతే అన్నీ "అవగాహన లేమి" ఖాతాలోకే పోతాయి.

ఇంకో మాట. ఈ కొలతను తల్లుల మీద నిఘాగా మార్చనివ్వొద్దు. ముందు కొలవాల్సింది ఇస్తామన్నవాళ్లను. ఆ లెక్క గ్రామసభలో మన భాషలో చదివి వినిపించాకే "ఫలితం లేదు" అని రాసుకోమనండి.