సీటు సరే... రిజిస్ట్రేషన్ మాటేమిటి?

నిరుడు ఇంటర్ ఫలితాలొచ్చిన వారానికి మా ఊరినుంచి ఓ తమ్ముడొచ్చాడు. వరసకు తమ్ముడు, రెండెకరాల రైతు. కూతుర్నీ వెంటబెట్టుకొచ్చాడు. చేతిలో రంగురంగుల కరపత్రం.

‘‘అన్నా, బిడ్డను నర్సు కోర్సుల చేర్పిద్దామనుకుంటున్న. ఏడాదిల అయిపోతదట. తొంభై వేలు. ఈ నెలాఖరులోపల కడితే పది వేలు తగ్గిస్తరట. ఉద్యోగం గ్యారంటీ అంటున్నరు. మీ మరదలి గాజులు కుదువ పెడదామని...’’ అన్నాడు.

కరపత్రం అటూ ఇటూ తిప్పి చదివాను. ఏసీ క్లాసు రూములున్నాయి. వంద శాతం ప్లేస్‌మెంట్ ఉంది. లేనిది ఒక్కటే: కోర్సయ్యాక ఆ అమ్మాయి పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్లోకి ఎక్కుతుందా లేదా అన్న మాట. నర్సు చదువుకు ప్రాణం అక్కడే ఉంది.

అదే ఊళ్లో ఇంకో అమ్మాయి అలాంటి ఏడాది కోర్సే చేసి, పట్నంలో ఓ చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, రాత్రి డ్యూటీలు... అన్నీ ఆమే. అందరూ ‘సిస్టర్’ అనే పిలుస్తారు. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 5,204 స్టాఫ్‌నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మాత్రం ఆమె దరఖాస్తు కూడా పెట్టలేకపోయింది. రిజిస్ట్రేషన్ నంబరు రాయాల్సిన చోట రాయడానికి ఏమీ లేదు.

ఏ కోర్సు ఎవరికి?

రిజిస్ట్రేషన్ వచ్చే కోర్సులు ముఖ్యంగా మూడు. ఏఎన్ఎం రెండేళ్లు, అమ్మాయిలకే. ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. పల్లెల్లో సబ్‌సెంటర్లలో టీకాలు, గర్భిణుల బాగోగులు చూసేది వీళ్లే. జీఎన్ఎం మూడేళ్లు. ఇంటర్లో ఏ గ్రూపు చదివినా 40 శాతం మార్కులుండాలి, ఇంగ్లిషులోనూ అంతే. స్టాఫ్‌నర్సు ఉద్యోగానికి ఇది సరిపోతుంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దీనికి బైపీసీలో 45 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీలకు కొంత సడలింపు ఉంది. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో బీఎస్సీ అందుకోవచ్చు. కాబట్టి ఇంటర్లో బైపీసీ తీసుకోలేదే అని దిగులుపడక్కర్లేదు.

ఆరు నెలలు, ఏడాది కోర్సులన్నీ మోసమని కాదు. రోగికి తోడుండే సహాయకుల శిక్షణగా అవి పనికొస్తాయి. సహాయకుల కోర్సుకు నర్సు కోర్సు ఫీజు కట్టడమే నష్టం.

కాలేజీకి అనుమతి ఉందన్న మాట నోటితో వింటే చాలదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, రాష్ట్ర కౌన్సిల్ దగ్గరా మీరు చేరే విద్యాసంవత్సరానికి ఆ పేరుందో లేదో చూడండి. పక్కనే కోర్సు పేరు, సీట్ల సంఖ్య కూడా చూడాలి. బీఎస్సీకి అనుమతి ఉన్నంత మాత్రాన ఆ కాలేజీకి జీఎన్ఎంకూ ఉన్నట్టు కాదు.

వార్డు చూశాకే క్లాసు రూము

నర్సు చదువు సగం పైగా మంచాల పక్కనే. సొంత ఆసుపత్రికి కనీసం 100 పడకలుండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన ఉండాలని కౌన్సిల్ నిబంధన. బోర్డు మీద వంద పడకలుండి లోపల పదిమంది రోగులుంటే పిల్లలు నేర్చుకునేది ఎక్కడ? అందుకే సెలవు రోజున కాదు, పని రోజున వెళ్లండి. ఆఫీసులో కూర్చోకుండా రెండో ఏడాది పిల్లల్ని పలకరించండి. ‘ఈ వారం ఏ వార్డులో చేశావమ్మా? కాన్పులు ఎన్ని చూశావు? నిరుడు పాసైన అక్కలు ఎక్కడున్నారు, ఎంతిస్తున్నారు?’ అని అడగండి. ఏ కరపత్రమూ చెప్పని సంగతులు ఆ పది నిమిషాల్లో తెలిసిపోతాయి.

అసలు ఖర్చు ఎంత?

ఫీజు ఏడాదికి 60 వేలనుకుందాం. మూడేళ్లకు లక్షా ఎనభై వేలు. తండ్రి లెక్క అక్కడితో ఆగుతుంది. హాస్టలు, మెస్సు నెలకు 5 వేల చొప్పున పది నెలలకు 50 వేలు. యూనిఫాం, పుస్తకాలు, బస్సు, పరీక్ష ఫీజులు ఇంకో 15 వేలు. అంటే ఏడాదికి లక్షా పాతిక వేలు, మూడేళ్లకు 3 లక్షల 75 వేలు. మొదటి అంచనాకు రెట్టింపు! అన్నీ కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టమంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగిస్తారు అన్నదీ చేరకముందే తేల్చుకోవాలి.

డబ్బుకు దారులు వెతికేటప్పుడు వరస ముఖ్యం. ముందు ప్రభుత్వ కాలేజీ సీటు. తర్వాత ప్రైవేటులో కన్వీనర్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ ఉన్నది సాధారణంగా ఈ సీట్లకే. ఆ కోర్సుకు, ఆ కాలేజీకి వర్తిస్తుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. అదీ కుదరకపోతే బ్యాంకు విద్యారుణం. 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెడితే చాలు. చదువయ్యాక ఏడాది దాకా వాయిదాలు ఉండవు. బంగారం మీద అప్పుకు ఆ వెసులుబాటు లేదు, గడువు దాటితే గాజులే పోతాయి. అందుకే అది చివరి దారి.

విద్యారుణంలోనూ ఓ మెలిక ఉంది. ఏటా లక్ష చొప్పున 3 లక్షలు పది శాతం వడ్డీకి తీసుకుంటే, వాయిదాలు మొదలయ్యేనాటికి బారువడ్డీ లెక్కనే 90 వేలు చేరుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,500. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే వాయిదా 5 వేల దగ్గరే ఉంటుంది. మొదటి జీతంలో ఈ వాయిదా మూడోవంతు మించేలా ఉంటే మరో కాలేజీ చూడటం మేలు.

ఇవన్నీ చెప్పాక, అంతసేపూ తలొంచుకు కూర్చున్న పాపని అడిగాను, ‘‘రాత్రి డ్యూటీలు, నెత్తురు, చీము... చెయ్యగలవామ్మా?’’ అని.

‘‘నాయనమ్మ ఏడాది మంచంల ఉన్నప్పుడు పుండ్లు కడిగింది నేనే కద పెద్దనాన్నా. సీఈసీ చదివిన, నాకు సీటొస్తదా?’’ అంది.

‘‘జీఎన్ఎంకు వస్తుంది. కాకపోతే నోటిఫికేషన్ దాకా ఆగాలి’’ అన్నాను.

నెలాఖరు తగ్గింపు వదులుకున్నారు. కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టారని ఊళ్లోవాళ్లు తలో మాటా అన్నారు. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు తమ్ముడు. పాప ఇప్పుడు జీఎన్ఎం మొదటి ఏడాది. మొన్న పెళ్లిలో కనబడ్డప్పుడు మా మరదలు వడ్డిస్తూ ‘‘ఇంకొంచెం వేసుకోండి బావగారూ’’ అంది. చేతికి గాజులున్నాయి.