బదులు రోబో ఎవరిది?

అమెరికాలో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలలో ఇప్పుడు మూడు జట్లు కలిసి ఒక కూటమిగా ఆడతాయి. చివరి దశలో ఒకరి రోబో చెడిపోతే కూటమి బదులు రోబోను పిలుచుకోవచ్చు. అది తమకు నచ్చినది కాదు, ఎంపిక కాకుండా మిగిలిన జట్లలో ర్యాంకు ముందున్నవారిది. ఇది న్యాయమేనని మా అభిప్రాయం. బయట కూర్చున్న పిల్లలకూ బరిలో దిగే అవకాశం దొరుకుతుంది.

అసలు అన్యాయం సొంత రెండో రోబోతోనే. 2019 వరకు సుమారు ఆరు వారాలకే రోబోకు సీలు వేయాలి. డబ్బున్న జట్లు అలాంటిదే మరొకటి చేసుకుని సాధన చేసేవి! 2020లో ఆ గడువు ఎత్తేశారు.

ఒక్క మోటారును నలుగురం పంచుకునే హాస్టల్ విద్యార్థులం మేము. మన జిల్లాలలో పోటీలు పెట్టే పెద్దలు స్పేరు రోబోను అనుమతించదలిస్తే, అది నిర్వాహకుల దగ్గరే అందరికీ ఉమ్మడిగా ఉండాలని కోరుతున్నాము.