తప్పుకోవడం వేరు, తలవంచడం వేరు

చైనాలోని హెనాన్ ప్రావిన్సులో పుట్టిన తాయ్ చీ విద్యను యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో జంటగా చేసే సాధన తుయ్‌షౌ. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పుతారు. ఎదుటివాడి బలం ఎటు వస్తోందో చేతి స్పర్శతోనే కనిపెట్టాలి. దాన్ని వాళ్ళు 'వినడం' అంటారు. తోస్తే ఎదురు తొయ్యరు. నడుము తిప్పి దారిస్తారు. తోసినవాడే తూలిపోతాడు.

తరతరాలుగా తోపులు తిన్నవాళ్ళం, ఇంకా దారివ్వాలా అని తమ్ముళ్ళు అడగవచ్చు. అడగాల్సిందే! అయితే నిలిచి చేసే ఈ సాధనలో ఒళ్ళు తప్పుకుంటుంది గానీ తల వంగదు, పాదం చోటు వదలదు. వదిలితే ఓడినట్లే.

కబడ్డీ మనకు బలం చూపడం నేర్పింది. ఎదుటివాడి బలాన్ని వినడం కూడా నేర్వాలి. జూనియర్ చేతిని విన్న సీనియర్ అతన్ని కొట్టలేడు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఇద్దరు నిలబడే నేల, నేర్పే ఒక్కరు చాలు. సాయంత్రం ఆటల వేళ పది నిమిషాలు కేటాయించాలని, ఈ హాస్టల్ అన్నం తిని పీజీ దాకా వచ్చిన మేము కోరుతున్నాం. రేపు ఇంటర్వ్యూ గదిలోనైనా, ఊరి రచ్చబండ దగ్గరైనా మన పాదం మన చోటనే ఉండాలి.