గంగిరెద్దు దేన్ని చూచి తల ఊపింది?



నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ మన కోనసీమ ఊళ్ళలో సన్నాయి వినబడితే చాలు, మీరంతా వీధి అరుగు మీదికి పరుగెత్తుతారు. "అయ్యగారికి దణ్ణం పెట్టు, బసవన్నా!" అంటాడు గంగిరెద్దువాడు. ఎద్దు మోకాలు వంచుతుంది. "అమ్మగారు పాత పంచె ఇప్పిస్తారా?" అంటే తల ఊపుతుంది. "తాతయ్యా, దీనికి తెలుగు వచ్చు!" అంటుంది మీ చెల్లాయి.

వచ్చునా? ఎద్దు తల ఊపిన ఆ క్షణంలో దాని చుట్టూ ఏమేమి ఉన్నాయో చూడండి. మాట ఉంది, మాట పలికిన తీరు ఉంది, డోలు దెబ్బ ఉంది, చేతిలో పగ్గం కదలిక ఉంది. వీటిలో ఎద్దు దేన్ని కనిపెట్టుకుని ఉన్నది? దాన్నే అడుగుదామంటే అన్నింటికీ తల ఊపుతుందాయె!

బెర్లిను నగరంలో ఫాన్ ఓస్టెన్ అని, నాబోటి పాత పంతులే, హాన్స్ అనే గుర్రానికి లెక్కలు నేర్పాడు. రెండూ మూడూ ఎంత అంటే గిట్టతో అయిదుసార్లు నేల తట్టేది. 1904లో పెద్దలు పరీక్షించి మోసం లేదన్నారు. నిజంగానే లేదు. అప్పుడు ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఒక్కొక్కటే మార్చి చూశాడు. జవాబు తెలియనివాడిచేత ప్రశ్న వేయించాడు, గుర్రం తప్పింది. అడిగేవాడు కనబడకుండా కళ్ళకు అడ్డం పెట్టాడు, మళ్ళీ తప్పింది. సంగతేమంటే, సరియైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే రవంత పైకి లేచేది. హాన్స్ కంటికి అది చాలు!

1961లో అమెరికాలో రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు రెండు పావురాలకు ఒకే పాఠం చెప్పాడు. ఎర్రని బిళ్ళమీద తెల్లని త్రికోణం ఉన్నప్పుడు పొడిస్తే గింజలు. పచ్చని బిళ్ళమీద తెల్లని వలయం ఉంటే ఏమీ లేదు. రెండూ నేర్చాయి. తరవాత రంగునూ బొమ్మనూ విడదీసి చూపితే, ఒకటి ఎరుపును పొడిచింది, రెండోది త్రికోణాన్ని!

హాన్స్ కథ చదివిన మర్నాడు నేను తరగతికి కాస్త భయంగానే వెళ్ళాను. ఎక్కాలలో ఎన్నడూ తప్పని కుర్రవాడు ఒకడుండేవాడు. "ఏడెనిమిదులు?" అంటే "యాభై... నాలుగు... అయిదు..." అని సాగదీసి, "ఆరు" దగ్గర గట్టిగా ఆగేవాడు. ఆ రోజు నల్లబల్లవైపు తిరిగి నిలబడి అడిగాను. యాభై అన్నాడు. ఆపైన గొంతు లేవలేదు. రెండేళ్ళపాటు వాడు చదివింది ఎక్కం కాదు, నా ముఖం! నేనేమో నూటికి నూరు వేస్తూ వచ్చాను. ఆ సాయంత్రం నుంచి అరుగుమీద చింతగింజలు పోసుకుని ఇద్దరం మొదటినుంచీ మొదలుపెట్టాం.

మీరూ పరీక్ష చేయవచ్చు. గంగిరెద్దువాడి దగ్గర మాత్రం వద్దు, అది అతని బతుకుతెరువు. మీ ఇంటి దూడ కుడితి బాల్చీతో పిలిస్తే పరుగెత్తుకు వస్తుంది కదా? ఒకరోజు బాల్చీ చప్పుడు చేయకుండా పిలవండి. మరొకరోజు పిలవకుండా చప్పుడు మాత్రమే చేయండి. ఇంకొక రోజు పక్కింటివారిచేత పిలిపించండి. ఒకసారి ఒక్కటే మార్చాలి సుమా! వచ్చినా రాకపోయినా, ప్రతిసారీ దాని వంతు కుడితి దానికి పెట్టడం మరవకండి.