వాన కాదు, పిట్టలు

మే నెల వచ్చిందంటే షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున, మాంట్రోజ్ పాయింట్ అనేచోట, ఉదయం ఐదున్నరకే జనం పోగవుతారు. మెడలో బైనాక్యులర్లు, చేతిలో కాఫీ, చూపులన్నీ ఒక పొదల వరస మీద. దానికి మ్యాజిక్ హెడ్జ్ అని గొప్ప పేరుంది గానీ, చూడ్డానికి మన ఊళ్ళో చేను గట్టున పెరిగే కంపలాగే ఉంటుంది. రాత్రంతా ఎగిరి అలిసిపోయిన పిట్టలు తెల్లారేసరికి ఆ కాస్త పచ్చదనం చూసి దిగిపోతాయి. నాలుగేళ్ళుగా నేనూ వెళ్తున్నాను. "పిట్టల్ని చూడ్డానికి ఆఫీసు కన్నా ముందు లేస్తున్నావట్రా?" అని నాన్నగారు ఫోన్లో నవ్వుతారు.

టెక్నాలజీ శీర్షికలో పిట్టల గోలేమిటంటారా? నాకీ పిచ్చి పట్టించింది టెక్నాలజీయే మరి. 2021లో కార్నెల్ వాళ్ళ మెర్లిన్ యాప్‌కి కూత విని పిట్ట పేరు చెప్పే విద్య వచ్చింది. శబ్దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మని న్యూరల్ నెట్‌వర్క్ చేత చదివిస్తారు. ఇది బాగానే ఉంది గానీ, నన్ను నిజంగా కట్టిపడేసింది రాడార్.

ఈ చిన్న పిట్టల్లో చాలామటుకు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి. కొన్ని మెక్సికోలోని యుకతాన్ నుంచి సముద్రం మీదుగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఆగకుండా వస్తాయి. అమెరికా వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు 160 దాకా ఉన్నాయి. వాటికి వానే కాదు, ఈ గుంపులూ కనిపిస్తాయి. వాన కోసం చూసేవాళ్ళకి పిట్టలు చెత్త డేటా, పిట్టల కోసం చూసేవాళ్ళకి వాన చెత్త డేటా! రెండింటినీ విడదీయడానికి 2019లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు మిస్ట్‌నెట్ అనే ప్రోగ్రాం రాశారు. బర్డ్‌కాస్ట్ తెరిస్తే రాబోయే మూడు రాత్రులూ ఎక్కడ ఎంత వలస ఉంటుందో అంచనా చెబుతుంది.

ఇంత తెలిసి ఏం చేస్తున్నామన్నదే నా బాధ.

కిందటేడు మేలో ఒక క్లయింటు దగ్గర రిలీజు. పధ్నాలుగో అంతస్తు, ఉన్నది నలుగురం, వెలుగుతున్నది అంతస్తు మొత్తం. మధ్యలో ఖాళీ దొరికితే నేను బర్డ్‌కాస్ట్ మ్యాపు తెరిచి "ఈ రాత్రి భలే జోరుగా ఉంది" అని పక్కవాడికి చూపించాను కూడా. తెల్లవారుజామున కిందికొస్తే గోడ వారగా ఒక పిట్ట పడి ఉంది. నెత్తిన నారింజ రంగు చార, పొట్ట మీద నల్లటి మచ్చలు. ఓవెన్‌బర్డ్. మెర్లిన్ దాని పేరు నాకు ఎన్నోసార్లు వినిపించింది గానీ, ఆకుల్లో నేలమీద తిరిగే పిట్ట కాబట్టి ఒక్కసారీ కంటపడలేదు. మొదటిసారి చూడటం అలా అరచేతిలో. ఇరవై గ్రాములుంటుందేమో.

మా వృత్తిలో ఒక జబ్బుంది. డాష్‌బోర్డ్ తయారు చేసి, గోడకి పెద్ద తెర తగిలించి, పని అయిపోయిందనుకుంటాం. ఎర్రగా వెలిగినప్పుడు ఎవరు లేచి ఏ స్విచ్చి నొక్కాలో ఎవరూ రాసి పెట్టరు. నేనా రాత్రి చేసింది సరిగ్గా అదే.

స్విచ్చి నొక్కితే లాభం ఉంటుందా అంటే, ఉంటుంది. న్యూయార్కులో సెప్టెంబరు 11 జ్ఞాపకంగా వెలిగించే కాంతి స్తంభాల చుట్టూ వేలాది పిట్టలు దారి తప్పి గిరికీలు కొడుతుండేవి. దీపాలు ఆపిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన పోయేవని 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది. షికాగోలోనే మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ భవనం కింద ఫీల్డ్ మ్యూజియం వాళ్ళు 1978 నుంచీ చనిపోయిన పిట్టల్ని ఏరి లెక్క రాస్తున్నారు. వెలిగే కిటికీల్ని అక్కడ ఇదివరకు నమోదైన కనిష్ఠ స్థాయికి తగ్గిస్తే చావులు దాదాపు 60 శాతం తగ్గవచ్చని ఆ లెక్కల మీద 2021లో తేల్చారు. అయినా 2023 అక్టోబరులో, తిరుగు ప్రయాణం వేళ, ఒక్క రాత్రిలో ఆ భవనానికి కొట్టుకుని దాదాపు వెయ్యి పిట్టలు చచ్చిపోయాయి. 2024లో అద్దాలకి చుక్కల ఫిల్ము అంటించాక గానీ అవి బాగా తగ్గలేదు.

అవును, అద్దం పగలు కూడా చంపుతుంది, దీపాలార్పితే సరిపోదు. రాత్రిపూట ఊడ్చి తుడిచేవాళ్ళని చీకట్లో పనిచెయ్యమనడమూ న్యాయం కాదు. కానీ నలుగురు కూర్చున్న మూలకి మాత్రమే దీపాలుంచి, తెరలు దించడానికి ఏ న్యూరల్ నెట్‌వర్కూ అక్కర్లేదు. ఈ భవనాల్లో దీపాలన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ షెడ్యూలు మీదే నడుస్తున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో రాత్రి పదకొండుకి ఆర్పమంటే మారేది ఒక్క సెట్టింగు. ఆ సెట్టింగు ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడానికి నాకు మూడు వారాలూ, పదకొండు ఈమెయిళ్ళూ పట్టాయి. బిల్డింగు మేనేజరు మర్యాదగానే విన్నాడు. "మా ఓనర్లని అడిగి చెబుతా" అన్నాడు. ఇంకా చెప్పలేదు.

ఈలోగా మా రిలీజు చెక్‌లిస్టులో, డేటాబేస్ బ్యాకప్‌కి ముందు, "కిటికీ తెరలు దించాలి" అని ఒక లైను చేర్చాను. రివ్యూలో ఇదేమిటని ఒకరడిగారు. ఆ రాత్రి మ్యాపు తెరిచి చూపించాను.