నంబరు లేని బండికి తండ్రి పూచీ

మోటారు వాహనాల సవరణ బిల్లును రాజ్యసభ 2019 జులై 31న ఆమోదించింది. ఆనాటి వాదోపవాదాలలో అధికభాగం జరిమానాల పెంపును గురించి, రాష్ట్రాల హక్కులను గురించి సాగింది. బిల్లులో మరొక అంశం కూడా ఉన్నది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునీ, బండి యజమానినీ కూడా నేరస్థులుగా భావించాలన్నది 199-ఎ సెక్షన్. శిక్ష మూడేళ్ళ వరకు ఖైదు, ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో ఋజువు చేసుకోవలసిన భారం పెద్దవారిదే.

ఈ సెక్షన్‌ను ఢిల్లీకి దూరంగా, సూరత్ నగరపు దక్షిణపు అంచున ఉన్న భేస్తాన్‌లో, ఒక మరమగ్గాల కార్మికునికి నేను విడమరచి చెప్పవలసి వచ్చింది. సూరత్‌లోని తెలుగువారి సంగతి పాఠకులకు కొత్త కాదు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మగ్గాల మీద బ్రతుకుతున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతున్నది. నేను కలిసిన ఆయన సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవానికి ఇరవై ఏళ్ళు, బట్టల మార్కెట్టులో ఉద్యోగం, చేతిలో లైసెన్సు. అతడు పచ్చ నంబరు ప్లేటు ఉండే ఎలక్ట్రిక్ మోటారు సైకిల్ కొంటానంటే తండ్రి ససేమిరా అన్నాడు. పదవ తరగతి చదివే చిన్నవానికి మాత్రం నంబరే లేని ఎలక్ట్రిక్ స్కూటరు ఆయనే కొని ఇచ్చాడు.

కారణం అడిగాను. “నిజామాబాద్‌ల బ్యాటరీ పేలింది గద సార్. మాకున్నదే ఒక్క అర్ర. రాత్రి దాన్ని యాడ పెట్టాలె?” అన్నాడు. మరి చిన్నవాని బండి మాటేమిటంటే, “అది ఆటబొమ్మ సార్. లైసెన్సు గూడ అక్కర లేదని దుకాణపాయననే చెప్పిండు” అని నవ్వాడు.

ఆయన భయం అకారణమైనది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి మరణించారు. అంతకు ముందు నెలలో వేలూరులో ఒక తండ్రి, ఆయన కుమార్తె అటువంటి మంటకే బలి అయ్యారు. ఇవి జరిగింది నడిరోడ్డుపై కాదు, ఇళ్ళలో. ఒకే గది ఇంట్లో కాపురముంటున్నవాడు ఈ వార్త చదివి ఉలిక్కిపడడం సహజం. ఆ తరువాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను బిగించి, 2022 డిసెంబరు నుంచి ఒక విడతగా, 2023 మార్చి చివరి నుంచి మరొక విడతగా అమలులోకి తెచ్చింది. ప్రమాదం తగ్గిందే గాని తొలగిపోలేదు. ఎండలో నడిపి వచ్చిన బ్యాటరీ చల్లారక ముందే తగిలించడం, బండితో ఇచ్చిన ఛార్జరును వదిలి మరొకటి వాడడం, గడప దగ్గర ఛార్జింగుకు పెట్టి అందరూ నిద్రపోవడం, ఇవి మానవలసిన పనులు. ఆయన అడిగిన “యాడ పెట్టాలె” అన్నది నిజమైన ప్రశ్న. కార్మికవాడలలో బండ్లు ఛార్జి చేసుకోవడానికి ఇళ్ళకు వెలుపల చోటు చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. సబ్సిడీలు ప్రకటించేటప్పుడు ఉన్న ఉత్సాహం ఈ విషయంలో కనిపించదు.

అయితే అదే బ్యాటరీ భయం చిన్నవాని స్కూటరుకు ఎందుకు వర్తించలేదు? అక్కడ ఆయనను మభ్యపెట్టింది బండి కాదు, నియమావళి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించని బండి అసలు మోటారు వాహనమే కాదు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు. కాబట్టి దుకాణదారు చెప్పింది అబద్ధం కాదు. కాని ఆ స్కూటరు గంటకు నలభై అయిదు పోతుందని చిన్నవాడే నాతో గర్వంగా చెప్పాడు. వేగానికి పెట్టిన కట్టడిని ఎవరో విప్పారన్నమాట. విప్పిన క్షణం నుంచి అది మోటారు వాహనమే, తండ్రి 199-ఎ సెక్షన్ క్రిందికి వచ్చినట్టే. ఇది భేస్తాన్‌కే పరిమితమైన జాడ్యం కాదు. ఇటువంటి మార్పులు చేసిన బండ్లపై చర్యకు మహారాష్ట్ర రవాణా కమిషనరు 2022లోనే ఆదేశాలిచ్చారు.

ఆ తండ్రిని ఒక్కనినే తప్పు పట్టడం న్యాయం కాదు. తొమ్మిదవ తరగతి నుంచి కళాశాల వరకు చదివే విద్యార్థులు ఎలక్ట్రిక్ స్కూటరు కొంటే పన్నెండు వేల రూపాయల సహాయం ఇస్తామని గుజరాత్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ప్రకటించింది. తొమ్మిదవ తరగతి పిల్లవానికి పద్నాలుగేళ్ళుంటాయి. ప్రభుత్వమే డబ్బిచ్చి కొనమన్న వస్తువులో అపాయముంటుందని ఏ తండ్రి అనుకుంటాడు? అంతకు ముందు ఏడాది డిసెంబరులో నగరాలలో హెల్మెట్ అక్కరలేదని చెప్పిందీ ఆ ప్రభుత్వమే. వివాదం హైకోర్టుకెక్కాక ఆ మాట వెనక్కు పోయింది. 2025 ఫిబ్రవరి నుంచి సూరత్ పోలీసులు హెల్మెట్ విషయంలో పట్టుదల చూపుతున్నారు. నంబరు లేని బండికి ఆ పట్టుదలా వర్తించదు.

మా తరంలో తలిదండ్రులు బండిని చెవితో అంచనా కట్టేవారు. బుల్లెట్టు మోత వినగానే తల్లి గుండె ఝల్లుమనేది, లూనా టపటపలు వింటే నిశ్చింతగా ఉండేది. విద్యుత్ బండి ఆ కొలమానాన్ని తీసివేసింది. క్లచ్చు లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. పిడి తిప్పగానే నిలుచున్న చోటు నుంచే పూర్తి బలంతో లాగుతుంది. రోడ్డు దాటే ముసలమ్మకు అది వస్తున్న అలికిడి కూడా తెలియదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వారిని చంపింది ఇంధనం కాదు. వేగం, హెల్మెట్ లేని తల, అనుభవం లేని చేయి.

నా అభిప్రాయం ఆ తండ్రికి దాపరికం లేకుండా చెప్పాను. పెద్దవానికి వయస్సు ఉన్నది, లైసెన్సు ఉన్నది. బండికి నంబరూ బీమా ఉంటాయి. ఛార్జింగుకు గది బయట చోటు కుదిరితే కొననివ్వండి. చిన్నవాని తాళం చెవి ఈ రాత్రే తీసుకోండి. ఆయన మొదటి మాటకు తల ఊపాడు, రెండవదానికి ఊపలేదు. “బడి దూరం సార్” అన్నాడు. బస్సు వేళకు రాని పేటలో ఆ జవాబును తేలికగా త్రోసివేయలేము.

కాని ఢిల్లీలో చేయవలసిన పనికి అటువంటి ఇబ్బంది ఏదీ లేదు. ఆ మినహాయింపు నియమావళిలోనిది కనుక, దానిని బిగించడానికి మరొక బిల్లు అక్కరలేదు. మంత్రిత్వశాఖ నోటిఫికేషన్ జారీ చేసి, దాని ప్రతిని ఉభయసభల ముందు ఉంచితే సరిపోతుంది. అలా బల్లమీద ఉంచిన కాగితాలను తీసి చదివే సభ్యులు ఎందరన్నది వేరే సంగతి.